కన్యాశుల్కంలో వేషం కావాలా?



ఊళ్లో ఏ నాటక సమాజమైనా కన్యాశుల్కం వేయబోతోందని తెలిస్తే చాలు, ఆ వారమంతా ఒకటే ప్రశ్న: గిరీశం ఎవరు? కాఫీ హోటల్లో అడుగుతారు, ఆఫీసులో అడుగుతారు, గుడి మెట్ల మీద అడుగుతారు. ఆ తర్వాత ప్రశ్న మధురవాణి ఎవరని. ఈ రెండింటికీ జవాబు దొరికితే నాటకం సగం తయారైపోయినట్టే అనుకుంటారు. నాది విజయనగరం. మా ఊళ్లో ఈ ప్రశ్న ఇంకాస్త పట్టుగా అడుగుతారు. నాటకంలో తెర లేచేది మా బొంకులదిబ్బ దగ్గరే కదా. 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు ఆ నాటకాన్ని మొట్టమొదట ప్రదర్శించిందీ ఈ ఊళ్లోనే. ఆ నాటకం రాసిన గురజాడ అప్పారావుగారు మహారాజా వారి కళాశాలలో పాఠం చెప్పి, సాయంత్రాలు నడిచి వెళ్లిన వీధుల్లో మేం ఇవాళ స్కూటర్ల మీద రిహార్సల్స్‌కి వెళ్తున్నాం.

నాటకం గురించి చాలామంది పెద్దలు చాలా చెప్పారు. నేను చెప్పదలచుకున్నది నాటకానికి ముందు జరిగే ఒక్క పూట సంగతి. పాత్రల ఎంపిక. ఇప్పుడందరూ ఆడిషన్ అంటున్నారు, నేనూ ఆ మాటే వాడతాను. వేషం కోసం వచ్చేవాళ్లు ఆ పూట ఏం చెయ్యాలి, వేషం ఇచ్చేవాళ్లు ఏం చూడాలి అన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఎందుకంటే నాటకం బాగుపడేదీ, చెడిపోయేదీ చాలావరకు అక్కడే.

మన ఔత్సాహిక నాటక సమాజాల్లో ఒకప్పుడు ఆడిషన్ అనేదే ఉండేది కాదు. సమాజం కార్యదర్శి హీరో వేషం వేసేవారు. చందా ఎక్కువ ఇచ్చినాయన తమ్ముడికి రెండో వేషం. సీనియారిటీని బట్టి మిగతావి. వయసు యాభై దాటినా గిరీశాన్ని వదలని పెద్దమనుషుల్ని నేను చూశాను. పక్కన ఇరవై ఏళ్ల కుర్రవాడు గొంతులో నిప్పు పెట్టుకుని ప్రాంప్టర్‌గా కూర్చునేవాడు. ఆ రోజుల్ని నేను తప్పుపట్టను. వాళ్లు తమ జేబులోంచి ఖర్చుపెట్టి, రాత్రులు మేలుకుని తెలుగు నాటకాన్ని బతికించారు. కానీ ఆ పద్ధతి మారాలి, చాలాచోట్ల మారింది కూడా. గోడ మీద కాగితం అంటించి, ఫలానా ఆదివారం ఎవరైనా రావచ్చు అని పిలవడం మొదలైన తర్వాత, మా సమాజానికి ఎప్పుడూ తెలియని మనుషులు తెలిశారు.

అలా వచ్చేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది గిరీశం కోసం వస్తారు. తొమ్మిదిమందీ ఒకే గిరీశాన్ని తెస్తారు. 1955లో పి.పుల్లయ్యగారు తీసిన సినిమాలో ఎన్.టి.రామారావుగారి గిరీశం ఒకటి. మా ప్రాంతంలో అయితే జె.వి.రమణమూర్తిగారి గిరీశం. ఆయన, ఆయన అన్నగారు సోమయాజులుగారు కలిసి ఏళ్ల తరబడి ఆడిన కన్యాశుల్కం చూసినవాళ్లకి ఇప్పటికీ ఆ గొంతులు చెవిలో మోగుతాయి. శంకరాభరణం శాస్త్రిగా దేశానికంతటికీ తెలియకముందు సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ రామప్పంతులు వేషం కట్టిన మనిషి. అంత గొప్ప నటులు ఒక పాత్రలో కాలుపెట్టి వెళ్లిన తర్వాత, ఆ అడుగుల్లోనే నడవాలని కుర్రవాళ్లకి అనిపించడం సహజం. ఆ చుట్ట పట్టుకునే తీరు, ఆ ఇంగ్లీషు ముక్క దగ్గర కనుబొమ్మ ఎగరేయడం, ఆ నవ్వు, అన్నీ దింపేస్తారు. వీడియోలు చూసి ఒక్క విరామం కూడా పొల్లుపోకుండా నేర్చుకుని వస్తారు.

నేను వాళ్లని చివరిదాకా చదవనిస్తాను. మధ్యలో ఆపను. చదవడం అయిపోయాక ఒకటే అడుగుతాను: "బాబూ, వెంకటేశం దగ్గర నీకేం కావాలి?"

చాలామంది తెల్లబోతారు. గిరీశానికి తన శిష్యుడు వెంకటేశం దగ్గర ఏదో కావాలన్న ఆలోచనే వాళ్లకి తట్టి ఉండదు. ఆ మొదటి అంకం తీసి ఒకసారి నింపాదిగా చూడండి. గిరీశం అప్పుల్లో ఉన్నాడు. ఊళ్లో ఉండే వీలు తగ్గిపోతోంది. పూటకూళ్లమ్మ డబ్బు వ్యవహారం మెడకి చుట్టుకుంది. వెంకటేశం వెంట అగ్రహారం వెళ్లిపోతే తిండికీ, నీడకీ ఢోకా ఉండదు. అంటే ఆ కుర్రవాడు ఇప్పుడు గిరీశానికి ఆధారం. ఆ సంగతి కుర్రవాడికి తెలియకూడదు. పైగా తానే వాడికి ఉపకారం చేస్తున్నట్టు కనిపించాలి. ఇంత అవసరం కడుపులో పెట్టుకున్నవాడు మాట్లాడుతున్నాడని తెలిశాక అవే మాటలు మళ్లీ చదవమంటాను. అప్పుడు మనిషి మారిపోతాడు. ఇంగ్లీషు ముక్క వచ్చినప్పుడు కనుబొమ్మ ఎగరేయడానికి బదులు, అది కుర్రవాడి మీద పనిచేసిందా లేదా అని ఓరగా చూస్తాడు. ఆ చూపు ఏ సినిమాలోంచీ వచ్చింది కాదు. అది వాడిదే. ఆ చూపు దొరికిందంటే నాకు గిరీశం దొరికినట్టే.

వేషం కోసం వచ్చేవాళ్లకి నేను చెప్పదలచుకున్న మాట ఇంతే అసలు. పాత నాటకాల్లో పాత్ర మనకంటే ముందే మన చెవిలో తిష్ఠ వేసుకుని ఉంటుంది. దాన్ని పక్కకి జరిపి, పుస్తకంలో ఉన్న మనిషి ఆ క్షణాన ఎందుకు నోరు తెరిచాడో చూడండి. ఆ ఎందుకు తెలియాలంటే ఎదుటివాడి మాట వినాలి. వినకుండా జవాబు చెప్పేవాడు ఎంత బాగా చెప్పినా అది ఏకపాత్రాభినయమే అవుతుంది.

మేం ఆడిషన్ మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తాం. వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి, గురజాడగారు 1897లో నాటకం తొలి కూర్పుకి రాసిన ముందుమాటలోని సంగతులు చెబుతాం. ఆ ముందుమాట ఆయన ఇంగ్లీషులో రాశారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల పట్టిక ఒకటి మహారాజా వారు తయారు చేయించారు. మూడేళ్లలో లెక్కకి వచ్చినవి 1034 పెళ్లిళ్లు. అందులో 99 మంది ఆడపిల్లలు అయిదేళ్లవాళ్లు. 44 మంది నాలుగేళ్లవాళ్లు. 36 మంది మూడేళ్లవాళ్లు. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకి కట్టిన వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలు చెప్పగానే గదిలో ఎప్పుడూ ఒకేలాంటి నిశ్శబ్దం వస్తుంది. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లులు కూడా ఉంటారు కదా, వాళ్లు పిల్లల్ని దగ్గరికి తీసుకుంటారు. అప్పటిదాకా లుబ్ధావధాన్లు అంటే పిసినారి ముసలాడని నవ్వుకుంటూ వచ్చినవాళ్లకి, వాడు బేరమాడుతున్నది దేనికో తెలుస్తుంది. నాటకమంతా తిరిగేది సుబ్బి పెళ్లి చుట్టూ. ఆ సుబ్బి మాత్రం మాట్లాడేది దాదాపు ఏమీ లేదు. పెద్దవాళ్లందరూ ఆ పిల్ల గురించి మాట్లాడతారు, అరుస్తారు, ఏడుస్తారు, ఎత్తులు వేస్తారు. ఇది మనసుకి ఎక్కిన తర్వాత సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లు వేషానికి చదివేవాడు కోపాన్ని కేవలం అరుపుగా చదవడు. తల్లి వెంకమ్మ వేషానికి చదివే ఆవిడ గొంతు తనంతట తానే దిగుతుంది. నాటకం హాస్యనాటకమే, జనం నవ్వాలి, నవ్వి తీరాలి. ఆ నవ్వు కింద ఏముందో నటుడికి తెలిసి ఉండాలి. మేం ఆ లెక్క ఆడిషన్‌కి ముందే చెప్పడం అందుకే. రిహార్సల్స్ మొదలయ్యాక చెబితే అప్పటికే గొంతులు గడ్డకట్టేసి ఉంటాయి.

ఇక మధురవాణి సంగతి కాస్త ఎక్కువసేపు చెప్పాలి.

ఈ పాత్రకి వచ్చినవాళ్లకి చాలా సమాజాల్లో మొదటి అంకంలోని సీను ఇస్తారు. మంచం కింద గిరీశం, రామప్పంతులు దూరే సీను. వయ్యారం, చలాకీతనం, పరాచికం అన్నీ అందులో ఉన్నాయి కనక చూడటానికి బాగుంటుంది. నేను ఆ సీను ఇవ్వను. ఏడో అంకంలో సౌజన్యారావు పంతులు ఇంట్లో జరిగే సీను ఇస్తాను. అక్కడ వేశ్య అయిన మధురవాణి మగవేషంలో వస్తుంది. వేశ్యల ముఖం చూడకూడదని పట్టుపట్టిన పెద్దమనిషి ఎదురుగా కూర్చుని, ఆయన మంచితనాన్ని గౌరవిస్తూనే, ఆ మంచితనంలో ఉన్న కాఠిన్యాన్ని నెమ్మదిగా బయటికి తీస్తుంది. లుబ్ధావధాన్లు తన మీద పడ్డ ఖూనీ కేసులోంచి బయటపడే దారి ఆవిడ చేతిలోనే ఉంది. వయ్యారంతో ఈ సీను నడవదు. బుర్ర ఉండాలి, ఓపిక ఉండాలి, ఎదుటివాడి ప్రతి మాటకీ బరువు తూచే చెవి ఉండాలి. ఈ సీను చదవగలిగిన అమ్మాయికి మొదటి అంకం మూడు రోజుల్లో వచ్చేస్తుంది. మొదటి అంకం మాత్రమే చదవగలిగిన అమ్మాయికి ఏడో అంకం ఎన్నటికీ రాకపోవచ్చు.

ఒకప్పుడు మధురవాణి కూడా మగవాళ్ల వేషమే. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా తెలుగుదేశాన్ని ఊపేశారని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని బళ్లారి రాఘవగారు పట్టుబట్టారు. ఆయన వృత్తికి వకీలు, ప్రాణం నాటకం. సురభి కుటుంబాల్లో అయితే ఆడవాళ్లు స్టేజి ఎక్కడం ఇంటి పద్ధతి. ఇంత చరిత్ర నడిచి వచ్చినా, ఇవాళ్టికీ ఊళ్లలో సమాజాలకి పెద్ద ఇబ్బంది ఆడపాత్రలే. పరిషత్తు పోటీలకి వెళ్లే నాటకాల్లో చాలావాటికి నటీమణుల్ని బయటి ఊరి నుంచి పారితోషికం ఇచ్చి పిలుస్తారు. వాళ్లు చాలా గొప్ప నటులు. ఒకే సీజన్లో నాలుగైదు సమాజాలకి నాలుగైదు పాత్రలు వేసి, రాత్రి నాటకం అయ్యాక బస్సెక్కి పొద్దున్నకి ఇంకో ఊరు చేరతారు. వాళ్ల శ్రమకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ కన్యాశుల్కంలో మధురవాణి, బుచ్చమ్మ, మీనాక్షి, వెంకమ్మ, పూటకూళ్లమ్మ అంటూ ఇంతమంది ఆడవాళ్లుంటే, అందరినీ బయటినుంచి తేవడం ఏ సమాజానికైనా తలకి మించిన పని. అందరూ కలిసి రిహార్సల్ చేసేది ఆఖరి రెండు రోజులే అవుతుంది.

మన ఊరి ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని వాపోయే సమాజాలు తమ ఆడిషన్ కాగితాన్ని ఒకసారి చూసుకోవాలి. రాత్రి ఎనిమిది గంటలకి ఫలానా మేడ మీద అని రాస్తే ఎవరొస్తారు? మేం ఆదివారం పొద్దున పదింటికి, బడిలో, తలుపులు తీసి ఉన్న గదిలో పెట్టడం మొదలుపెట్టాం. పిల్లల్ని తీసుకురావచ్చని రాశాం. ఇంట్లోవాళ్లు వచ్చి కూర్చోవచ్చని రాశాం. రిహార్సల్స్ ఎన్ని వారాలు, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎవరు ఇంటిదగ్గర దింపుతారు అన్నది ముందే రాశాం. టీచర్లు వచ్చారు, నర్సులు వచ్చారు, ఇద్దరు కోడళ్లని వెంటబెట్టుకుని ఒక అత్తగారు వచ్చారు. ఆవిడ పూటకూళ్లమ్మకి చదువుతుంటే గది మొత్తం నిటారుగా కూర్చుంది.

కన్యాశుల్కం లోపలే ఒక ఆడిషన్ ఉందని మీరెప్పుడైనా గమనించారా? కరటకశాస్త్రి రాజుగారి నాటకంలో విదూషకుడు. మేనకోడలు సుబ్బిని ఆ ముసలాడి పెళ్లి నుంచి తప్పించడానికి ఆయన వేసే ఎత్తు ఏమిటి? శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి, లుబ్ధావధాన్లుకి అమ్మడం. ఆ కుర్రవాడు ఈ వేషం నిలబెట్టగలడా లేదా అని ఆయన ముందుగానే చూసుకుంటాడు, ధైర్యం చెబుతాడు, ఆశ పెడతాడు. అంటే ఒక నాటక దర్శకుడు చేసే పనంతా చేస్తాడు. తేడా ఏమిటంటే, ఆ శిష్యుడు తప్పు చేస్తే జనం ఈలలు వేసి ఊరుకోరు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకని శిష్యుడి వేషానికి వచ్చే కుర్రవాళ్లకి నేను గాజులు వేసుకుని సిగ్గుపడి చూపించమని చెప్పను. అలా చెబితే చౌకబారు హాస్యం వస్తుంది, ప్రేక్షకుడికి లుబ్ధావధాన్లు ఎలా మోసపోయాడో అర్థం కాదు. "నువ్వు దొరికిపోతే తంతారు, దొరక్కుండా ఈ గది దాటు" అంటాను. ఒకసారి ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు కండువాని ఓణీలా వేసుకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా, అలాగని తలా వంచకుండా, గోడవారగా నడిచి తలుపు దాకా వెళ్లాడు. వాళ్ల అక్క నడక అది అని తర్వాత చెప్పాడు. చూసి దాచుకున్న నడక.

చిన్న వేషాల మాట చెప్పకుండా ఎలా? కన్యాశుల్కం పాత్రల పట్టిక చాంతాడంత ఉంటుంది. మనకిప్పుడు అందుబాటులో ఉన్నది 1909లో గురజాడగారు పెంచి రాసిన కూర్పు, ఏడంకాలది. మొత్తం ఆడాలంటే ఒక సాయంత్రం సరిపోదు కనక ప్రతి సమాజమూ కుదించుకుంటుంది. కుదించినప్పుడు మొదట కత్తిరింపు పడేది బైరాగికీ, పోలిశెట్టికీ, సిద్ధాంతికీ, అసిరిగాడికీ. నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పేకాట సీను, ఆ బైరాగి కబుర్లు లేకపోతే ఊరు కనిపించదు. ఊరు కనిపించకపోతే గిరీశం మోసం ఎవరిని చేస్తున్నాడు? అందుకే ఏ సీన్లు ఉంచుతామో ఆడిషన్‌కి ముందే తేల్చుకోవాలి, వచ్చినవాళ్లకి చెప్పాలి. వేషం ఇచ్చి, నెల తిరిగాక ఆ సీను తీసేశాం అనడం మనిషిని అవమానించడమే.

మొన్నటి ఆడిషన్‌కి ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన ఒకాయన వచ్చారు. ఏ వేషం కావాలని అడిగితే "ఏదైనా పర్లేదండీ, అసిరిగాడైనా సరే" అన్నారు. ఎప్పుడూ స్టేజి ఎక్కలేదు. సరే, లుబ్ధావధాన్లు ముక్క ఒకటి చదవమని జిరాక్స్ కాగితం ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని నిలువుగా మడిచి, ఎడమచేతి వేళ్ల మధ్య ఇరికించుకున్నారు. బస్సులో నోట్లు పెట్టుకున్నట్టే. చదువుతూ డబ్బు మాట వచ్చిన ప్రతిసారీ బొటనవేలు ఆ కాగితం అంచు మీద ఒకసారి కదిలేది. తను అలా చేస్తున్నట్టు ఆయనకి తెలియదు. గొంతు పెంచలేదు, కానీ వెనక బెంచీలో ఉన్నవాళ్లకి ప్రతి అక్షరం వినిపించింది. ముప్పై ఏళ్లు కిక్కిరిసిన బస్సులో ఆఖరి సీటుదాకా మాట చేరవేసిన మనిషి. లుబ్ధావధాన్లుకి లోభం వేళ్లలో ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ వేళ్లు చూశాక వేషం ఇంకెవరికీ ఇవ్వాలనిపించలేదు.

ఇప్పుడు కొన్ని పనికొచ్చే మాటలు. పైపైన చెబుతాను.

ఆడిషన్‌కి వచ్చేముందు నాటకం మొత్తం చదవండి, మీకు కావలసిన పాత్ర మాటలు మాత్రమే కాదు. అది కూడా గొంతెత్తి చదవండి. గురజాడగారు ఆ నాటకాన్ని చెవి కోసం రాశారు. మా ఉత్తరాంధ్ర మాటతీరు అందులో నిండుగా ఉంది. కళ్లతో చదివితే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అందదు, నోటితో చదివితే వాక్యమే చెబుతుంది. యాస గురించి భయపడకండి. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, తెలంగాణ నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు మా సమాజంలో ఉన్నారు. యాస రిహార్సల్స్‌లో పట్టుబడుతుంది. ఆడిషన్‌లో లేని యాసని నకలు చేసేవాళ్ల కంటే, తమ మాటలోనే నిజంగా మాట్లాడేవాళ్లని నేను ముందు తీసుకుంటాను.

కాగితం ముఖానికి అడ్డం పెట్టుకోకండి. ఛాతీ దగ్గర పట్టుకుని, ఒక వాక్యం కంటితో అందుకుని, తల ఎత్తి ఎదుటివాడికి చెప్పండి. తప్పు చదివితే ఆగి క్షమాపణ అడగవద్దు, ముందుకి వెళ్లిపోండి. స్టేజి మీద కూడా అదే చెయ్యాలి కదా. గొంతు చించుకోవద్దు. మైకులు వచ్చాక మన నటులకి రెండు జబ్బులు పట్టుకున్నాయి. కొందరు మైకు కిందికి వచ్చి నిలబడి అక్కడే పాతుకుపోతారు, కొందరు మైకు ఉన్నా కేకలు పెడతారు. ఊపిరి నాభి దగ్గరనుంచి తెచ్చుకుని, మాట చివర అక్షరం మింగకుండా పలికితే చాలు. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో ఉంటుంది. చివర మింగేస్తే ఏం జరిగిందో ప్రేక్షకుడికి తెలియనే తెలియదు.

ఇంకొకటి. రిహార్సల్స్‌కి రాలేని రోజులుంటే ఆ పూటే చెప్పండి. పరీక్షలు, షిఫ్టు డ్యూటీ, ఇంట్లో పెళ్లి, ఏదైనా సరే. నిజం చెప్పినందుకు వేషం పోదు. దాచిపెట్టి, ప్రదర్శనకి పది రోజులముందు బయటపెడితే ఇరవైమంది శ్రమ పాడవుతుంది.

వేషాలిచ్చేవాళ్లకి నా విన్నపం ఏమిటంటే, ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి చదివించకండి. జంటలుగా చదివించండి. కాసేపయ్యాక పాత్రలు తారుమారు చేయండి. గిరీశం చదివినవాణ్ణి వెంకటేశం చదవమనండి. అప్పుడు ఎవరు వింటున్నారో, ఎవరు తన వంతు కోసం కాచుకుని కూర్చున్నారో ఇట్టే తెలుస్తుంది.

బుచ్చమ్మ మాకు అలాగే దొరికింది. గిరీశం వేషానికి పోటీపడుతున్న ముగ్గురికీ ఎదురుగా చదవడానికి ఒక డిగ్రీ అమ్మాయిని కూర్చోబెట్టాం. తను వచ్చింది మీనాక్షి వేషానికి. గిరీశం బుచ్చమ్మతో మాట్లాడే భాగం ఇచ్చాం. వితంతు వివాహం గురించి అతగాడు ఆ పల్లెటూరి పిల్లకి నూరిపోస్తాడు కదా, అది. ఆ ముగ్గురూ తలో రకంగా చదివారు. ఒకడు ఉపన్యాసం దంచాడు. ఒకడు సరసం ఆడాడు. మూడోవాడు మెల్లగా, నమ్మకంగా చదివాడు. ఆ అమ్మాయి మాటలు మూడుసార్లూ అవే, కానీ మూడుసార్లూ ఒకలాగ పలకలేదు. ఉపన్యాసానికి విసుగు దాచుకుని ఊఁ కొట్టింది. సరసానికి పైట సర్దుకుని కాస్త వెనక్కి జరిగింది. మూడోవాడు చదువుతున్నప్పుడు, అప్పటిదాకా నేలమీదున్న చూపు ఎత్తి, ఒక్కసారి అతని ముఖంలోకి చూసి, మళ్లీ దించుకుంది. చిన్నప్పుడే వైధవ్యం వచ్చిన పిల్లకి తన బతుకు ఇంకోలా ఉండొచ్చని మొదటిసారి తోచిన క్షణం అది. ఆ క్షణానికి మాటలు లేవు, గురజాడగారు నటికి వదిలేశారు. ఆ పూట మాకు బుచ్చమ్మా తేలింది, ఆ బుచ్చమ్మ చేత చూపు ఎత్తించగలిగిన గిరీశమూ తేలాడు.

చివరగా, వేషం రానివాళ్ల సంగతి. ఫలితం వాట్సాప్ గ్రూపులో పేర్ల పట్టికగా పడేసి ఊరుకునే అలవాటు నాకు నచ్చదు. పేరు లేనివాళ్లు ఆ పట్టిక ఎన్నిసార్లు పైకీ కిందకీ జరిపి చూసుకుంటారో నాకు తెలుసు. మేం ప్రతి ఒక్కరికీ ఫోన్ చేస్తాం. వేషం లేదని ముందు చెప్పి, ఎందుకు లేదో ఒక్క ముక్కలో చెబుతాం. ఊపిరి చాలడం లేదు, ఆర్నెల్లు గొంతు సాధన చెయ్యండి అని. లేదా, మీరు బాగా చదివారు, కానీ ఎంచుకున్న రామప్పంతులు పక్కన మీ వయసు కుదరలేదు అని. అబద్ధపు మెప్పు చెప్పం. ఆ తర్వాత అడుగుతాం: ప్రాంప్టింగ్‌కి వస్తారా, లైటింగ్ చూస్తారా, 1890ల నాటి అగ్రహారం వీధి అరుగు ఎలా ఉంటుందో సెట్టు వేయడానికి సాయం చేస్తారా, ఎవరైనా రాలేని రోజు ఆ పోర్షన్ చదవడానికి సిద్ధంగా ఉంటారా అని. మొన్న గిరీశం వేషం రాని ఇద్దరిలో ఒకడు రాలేనన్నాడు, మేం అర్థం చేసుకున్నాం. రెండోవాడు, ఆ ఉపన్యాసం దంచిన కుర్రవాడు, హెడ్ కనిస్టీబు వేషానికి ఒప్పుకున్నాడు. ఆ గొంతు అక్కడ అతికినట్టు సరిపోయింది.

మీ ఊళ్లో కూడా ఏ బడిలోనో, ఏ గ్రంథాలయం గదిలోనో ఇలా పిలుపు వస్తుంది. కన్యాశుల్కం కావచ్చు, వరవిక్రయం కావచ్చు. పుస్తకం తెచ్చుకుని, ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండో గొంతు వాళ్లని చదవమనండి. అమ్మ అయినా సరే, పక్కింటి పిన్నిగారైనా సరే. మా రిహార్సల్స్ రేపు సాయంత్రం ఆరింటికి రెండో అంకంతో మొదలవుతాయి.